ముప్పై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకా విద్యార్థినే: చెన్నైలో నాలాంటివారు ఎవరైనా ఉన్నారా?

ఉప్పుకొటారు
శనివారం, రాత్రి 10.40

నిన్న సాయంత్రం ట్రిప్లికేన్‌లో గది కోసం తిరిగాను. మూడో మాన్షన్‌లో (ఒంటరి మగవాళ్ళకు గదులు అద్దెకిచ్చే లాడ్జీని ఇక్కడ అలా అంటారు) మేనేజరు రిజిస్టరు తెరిచి పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు. వృత్తి అనే గడి దగ్గర ఆగాడు. "స్టూడెంట్" అన్నాను. అతను తలెత్తి, ముందువైపు పల్చబడిన నా జుట్టును కాసేపు చూసి, తమిళంలో చాలా మర్యాదగా అడిగాడు: "గది మీ అబ్బాయికా సార్?"

నాకు పెళ్ళే కాలేదు.

నా లెక్క చెబుతాను. ఒంగోలులో బీఏ మూడేళ్ళు. తిరుపతిలో ఎంఏ చరిత్ర రెండేళ్ళు. బీఈడీ ఒక ఏడాది. ఒక ఏడాది ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను, జీతం మూడు నెలలకొకసారి ఇచ్చేవారు. తర్వాత చెన్నై వచ్చి ఎంఫిల్ రెండేళ్ళు. ఖాళీగా ఉండటం ఎందుకని దూరవిద్యలో ఎంఏ తెలుగు రెండేళ్ళు. ఇప్పుడు పీహెచ్‌డీ ఎనిమిదో ఏడు. ఇంటర్మీడియట్ అయినప్పటి నుంచి పంతొమ్మిదేళ్ళు, అందులో పద్ధెనిమిది ఏళ్ళు ఏదో ఒక విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు నా జేబులో ఉంది. ఫొటోలు వరుసగా పేర్చి చూస్తే జుట్టు వెనక్కి నడిచిన చరిత్ర కనిపిస్తుంది.

గడువు దాటింది కాబట్టి హాస్టల్ ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. అందుకే గది వేట.

నేను సలహా అడగడం లేదు. సలహాలు ఇంట్లో బోలెడు ఉన్నాయి. ఇలా చదువులోనే ఉండిపోయినవారు మీలో ఉన్నారా? ఉంటే, ఆపాలని మీకు ఎలా తెలిసింది?

కుప్పం_కుర్రాడు
శనివారం, రాత్రి 11.05

అన్నా, నాది వేరే కేసు. మీరు పాసై పాసై ఉండిపోయారు, నేను తప్పి తప్పి ఉండిపోయాను.

తప్పిన సబ్జెక్టును మన వైపు బ్యాక్‌లాగ్ అంటాం కదా, ఇక్కడ దాన్ని అరియర్ అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఉద్యోగులకు వచ్చే పాత బాకీ డబ్బు అనుకుని సంతోషించాను. నాకు నాలుగు మిగిలాయి. ఇంజినీరింగ్‌లో చేరి తొమ్మిదేళ్ళయింది. 2020లో కరోనా అప్పుడు ఫీజు కట్టినవాళ్ళంతా అరియర్ పరీక్షలు పాసైనట్టే అని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. మా వీధిలో మిఠాయి పంచాను. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది, చివరికి పరీక్ష రాయక తప్పలేదు. రాశాను. మళ్ళీ తప్పాను. పంచిన మిఠాయి వెనక్కి రాదు.

ఇప్పుడు అంబత్తూరులో విడిభాగాల కర్మాగారంలో పని చేస్తున్నాను. ప్రతి నవంబరులో, ప్రతి ఏప్రిల్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి మళ్ళీ విద్యార్థిని అవుతాను. పరీక్ష హాల్లో పక్కన కూర్చునే పిల్లలు నన్ను చూసి పర్యవేక్షకుడు అనుకుని లేచి నిలబడతారు.

ఓఎమ్మార్_ఉద్యోగి
ఆదివారం, ఉదయం 7.15

చదవక ముందు కాకరకాయ, చదివిన తర్వాత కీకరకాయ అని పెద్దలు ఊరికే అనలేదు.

క్షమించండి, కాస్త కటువుగానే రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళ లెక్కలో మీరు ప్రతి కోర్సూ రాశారు. ఆ పంతొమ్మిదేళ్ళు అన్నం ఎవరు పెట్టారో రాయలేదు. ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఆ ఒక్క పేరాయే ఉండదు.

సింహపురి_విశ్రాంతి
ఆదివారం, ఉదయం 9.30

నాయనలారా, నాకు అరవై నాలుగేళ్ళు. బ్యాంకులో దాదాపు నలభై ఏళ్ళు చేసి నుంగంబాక్కంలో స్థిరపడ్డాను. నేను మీ అందరికంటే చిన్న తరగతి విద్యార్థిని, ఎందుకంటే ఇప్పుడే మొదలుపెట్టాను.

తైత్తిరీయ బ్రాహ్మణంలో భరద్వాజుడి కథ ఉంది. ఆయన మూడు జన్మల ఆయుష్షూ వేదాధ్యయనానికే ఖర్చు పెట్టాడు. ముసలితనంలో మంచం మీద ఉన్నప్పుడు ఇంద్రుడు వచ్చి, "నాలుగో ఆయుష్షు ఇస్తే ఏం చేస్తావు?" అని అడిగాడు. "మళ్ళీ చదువుకుంటాను" అన్నాడట. అప్పుడు ఇంద్రుడు మూడు కొండలు చూపించి, ఒక్కోదాని నుంచి పిడికెడు తీసి, "ఇవి వేదాలు. నువ్వు చదివింది ఈ మూడు పిడికిళ్ళు. వేదాలు అనంతం" అన్నాడు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు భరద్వాజుడి మీద జాలి కలగదు, అసూయ కలుగుతుంది.

నా డిగ్రీ సంగతి చెప్పాలి. ఇంటర్ కాగానే గుమాస్తాగా చేరాను. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టారు. అప్పట్లో నాకు నెల్లూరులో పోస్టింగు. ఆదివారాలు తరగతులకు వెళ్ళి బీకాం పూర్తి చేశాను. అది ప్రమోషన్ కోసం చదివిన చదువు, చదువు కోసం చదివింది కాదు. పదవీ విరమణ అయిన ఏడాది ఐఐటీ మద్రాసు వాళ్ళ ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీలో దరఖాస్తు పెట్టాను. 2020లో మొదలైంది, వయోపరిమితి లేదు. ముందు నాలుగు వారాల పాఠాలు, ఆపైన అర్హత పరీక్ష. గణాంకశాస్త్రం నన్ను ఏడిపించింది. పైథాన్ అంటే పామో కాదో తెలియని వయసులో దానితో వడ్డీ లెక్కలు వేశాను. పరీక్షకు మాత్రం కేంద్రానికి స్వయంగా వెళ్ళాలి. గేటు దగ్గర కాపలాదారు "తల్లిదండ్రులు బయటే ఉండాలి" అన్నాడు. హాల్ టికెట్ చూపించాను.

మొదటి అంచె దాటాను. డిప్లొమా దాకా వెళతానో లేదో తెలియదు. ఆ డిగ్రీలో ఎక్కడ ఆగినా ఆ మెట్టుకు ఒక పత్రం ఇస్తారు. జీవితంలో కూడా అలా ఉంటే ఉప్పుకొటారు గారికి ఈ బాధ ఉండేది కాదేమో.

ఓఎమ్మార్_ఉద్యోగి
ఆదివారం, ఉదయం 10.02

అంకుల్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. భరద్వాజుడికి ఇంటి అద్దె లేదు. పాలు, పెరుగు, కట్టెలు శిష్యులు తెచ్చేవారు. మీకు పింఛను వస్తుంది. మీ చదువు మీ డబ్బుతో మీరు చదువుతున్నారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. మిగతావారి సంగతి అది కాదు.

తరమణి_తరంగిణి
ఆదివారం, మధ్యాహ్నం 3.20

అందరూ మగవాళ్ళే రాస్తున్నారు కాబట్టి ఒక మాట నేనూ రాస్తాను.

మగవాడు ఎక్కువ కాలం చదివితే "ఇంకా చదువేనా" అంటారు. ఆడపిల్ల విషయంలో ఆ మాట కొన్నాళ్ళు గొడుగులా పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళకు నా మొదటి ఎంఏ అయింది. సంబంధాలు మొదలయ్యాయి. వచ్చిన ప్రతి ఫోనుకూ మా అమ్మ "చదువుతోందండీ" అనేది. ఆ మాటకు వాళ్ళు ఆరు నెలలు ఆగేవారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఫోను, మళ్ళీ "చదువుతోందండీ". అది అబద్ధం కాకుండా ఉండాలని రెండో ఎంఏలో చేరాను. నిజం చెబుతున్నాను, ఆ రెండో సబ్జెక్టు మీద నాకు ఏ మోజూ లేదు. అమ్మ మాట నిజం చేయడానికి చదివాను. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వచ్చింది. అప్పటికి ఆ గొడుగు కింద నిలబడటం అలవాటై, చదువే ఇష్టమైపోయింది. ఏది ముందో ఏది వెనకో ఇప్పుడు నేను విడదీయలేను.

పరిశోధన మూడో ఏట పెళ్ళి. అదే మాట తిరగబడింది. "చదువుతోందండీ" అన్న అమ్మే "ఇంకా ఎన్నాళ్ళమ్మా" అంటోంది. పాప పుట్టింది. 240 రోజుల సెలవు నిబంధనల్లో ఉంది, తీసుకున్నాను. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠం ఆరేళ్ళు, పునర్నమోదు చేసుకుంటే ఇంకో రెండు. స్త్రీలకు, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవారికి ఆపైన మరో రెండు. మొత్తం పది. మా విభాగంలో ఒక సహచరుడు దీన్ని "మీకేమండీ, పదేళ్ళ వరం" అన్నాడు. ఆ రెండేళ్ళు ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో అతని భార్యను అడిగితే చెబుతుంది.

గడువు పదేళ్ళు అయినా డబ్బు పదేళ్ళు రాదు. ఫెలోషిప్ ఐదేళ్ళే. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. ఐదో ఏడు దాటిన మరుసటి నెల ఖాతాలో సున్నా. అప్పటి నుంచి మా ఆయన జీతమే. కాబట్టి ఓఎమ్మార్_ఉద్యోగి గారి ప్రశ్న నాకు గుచ్చుకుంది. నా అన్నం ఆయన పెడుతున్నారు. కానీ ఇంట్లో మూడు పూటలా అన్నం వండేది నేను. ఆ పేరా కూడా ఎవరూ రాయరు.

నిర్వాహకుడు
ఆదివారం, సాయంత్రం 6.00

చర్చ బాగుంది. ఒకరి కుటుంబం గురించి ఒకరు తీర్పులు ఇవ్వకండి. విశ్వవిద్యాలయాల మీద, పరిశోధన చేయించే గైడ్ల మీద ఫిర్యాదులు రాస్తే పేర్లు తీసేసి రాయండి. నిన్నటి నుంచి రెండు సందేశాలు తొలగించాను, రెండింటిలోనూ ఒకే గైడ్ పేరు ఉంది. ఆయన పాపం ఈ వేదికలో సభ్యుడు కూడా.

అడయార్_మర్రిఊడ
ఆదివారం, రాత్రి 9.10

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. నేను జర్మనీలో ఎంఎస్ చేశాను. అక్కడ నిత్యవిద్యార్థి అనే జాతికి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. విద్యార్థిగా నమోదై ఉంటే ఊరి బస్సు, రైలు పాసు చవకగా వస్తుంది, ముప్పై ఏళ్ళ దాకా ఆరోగ్య బీమా చవక. దాంతో తరగతి గది ముఖం చూడకుండా కార్డు కోసమే పేరు నమోదు చేసుకునేవారు ఉంటారు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 1998లో, ఎక్కువ కాలం లాగేవారి మీద ప్రత్యేక ఫీజు వేసింది కూడా. అమెరికాలో జానీ లెక్నర్ అనే ఆయన 1994లో విస్కాన్సిన్‌లో డిగ్రీలో చేరి పన్నెండేళ్ళు డిగ్రీలోనే ఉన్నాడు. 165 క్రెడిట్లు దాటితే ఫీజు రెట్టింపు అని అక్కడ నియమం పెట్టారు. రెట్టింపు కట్టి మరీ ఉన్నాడు.

మనకు శ్రీకాంత్ జిచ్‌కర్ ఉన్నారు కదా అని ఎవరో ఒకరు ఈ చర్చలో అంటారని నాకు తెలుసు, నేనే అనేస్తాను. నాగపూర్ మనిషి. వైద్యం, న్యాయశాస్త్రం, సంస్కృతం, ఇంకా ఎన్నో. 1973 నుంచి 1990 వరకు 42 విశ్వవిద్యాలయ పరీక్షలు రాసి 20 డిగ్రీలు తెచ్చుకున్నారని చెబుతారు. అయితే ఆయన మధ్యలో ఐపీఎస్‌కు ఎంపికయ్యారు, ఐఏఎస్‌కు ఎంపికయ్యారు, 1980లో శాసనసభకు వెళ్ళారు. 2004లో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి యాభై ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన చదువులో ఉండిపోయిన మనిషి కాదు, చదువును జేబులో పెట్టుకుని తిరిగిన మనిషి. మన ఇళ్ళలో మాత్రం ఆయన పేరు చెప్పి పిల్లలు ఇంకో కోర్సులో చేరతారు.

మైలాపూర్_మాస్టారు
సోమవారం, ఉదయం 6.45

నేను గైడ్‌ను. నిర్వాహకులు చెప్పిన ఆ గైడ్‌ను మాత్రం కాదు.

ఇరవై ఏళ్ళకు పైగా కాలేజీలో పాఠాలు చెబుతూ పదకొండు మందికి పీహెచ్‌డీ చేయించాను. ఇద్దరు మధ్యలో వెళ్ళిపోయారు. ఆ ఇద్దరిలో ఒకరిది నా తప్పే. ఆ అబ్బాయి అధ్యాయం ఇచ్చి వెళితే నేను ఐదు నెలలు తెరవలేదు. తెరిచేసరికి అతను ఊరికి వెళ్ళి కోళ్ళ ఫారం పెట్టుకున్నాడు. ఇప్పుడు నాకంటే బాగా సంపాదిస్తున్నాడు, కానీ అది నాకు ఊరట కాదు.

సాగదీతలో మా వాటా ఉంది, అది ముందు ఒప్పుకుంటాను. ప్రాజెక్టు పని చేతికి వచ్చిన పాత విద్యార్థి వెళ్ళిపోతే కొత్తవాడికి మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. అందుకని సంతకం కాస్త ఆలస్యం చేసే గైడ్లను నేను చూశాను. ప్రయోగశాలల్లో ఇది మరీ ఎక్కువ. 2022 నిబంధనల్లో ఒక మంచి పని చేశారు. సిద్ధాంత గ్రంథం ఇచ్చేముందు పత్రికలో వ్యాసం అచ్చయి తీరాలన్న షరతు యూజీసీ ఎత్తేసింది. విశ్వవిద్యాలయాలు తమకు తాముగా పెట్టుకుంటే వేరే సంగతి. దానికి ముందు ఆ ఒక్క వ్యాసం కోసం ఏడాదిన్నర ఆగినవాళ్ళున్నారు, డబ్బిచ్చి వేయించుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక విద్యార్థుల వాటా. రాయడం మొదలుపెట్టలేనివారు కొందరు. వాళ్ళ సంగతి తేలిక, మొదటి పేరా నేనే చెప్పి రాయిస్తాను. సామగ్రి సేకరణ ఆపలేనివారు కొందరు. వీళ్ళు ప్రమాదకరం. వీళ్ళకు గ్రంథాలయం తల్లిగారిల్లు. కన్నెమరా గ్రంథాలయంలో ఒకాయన ఉండేవారు. నేను ఎంఏ చదివేటప్పుడు ఏ బల్ల దగ్గర కూర్చునేవారో, నేను ఉద్యోగంలో చేరాక కూడా అదే బల్ల. 1896లో కట్టిన ఆ భవనంలో భాగమేమో అనిపించేవారు. ఏ విషయం అడిగినా చేతి రాతతో ఉన్న కాగితం తీసి చూపించేవారు. గ్రంథం మాత్రం ఏనాడూ సమర్పించలేదు.

ఉప్పుకొటారూ, మీ విషయం ఏమిటి? ఎన్ని అధ్యాయాలు రాశారు? ఇక్కడ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఉప్పుకొటారు
సోమవారం, రాత్రి 11.50

మాస్టారూ, ఉదయం నుంచి ఆరుసార్లు సమాధానం రాసి చెరిపేశాను.

నా విషయం కోస్తా జిల్లాల ఉప్పు. 1805లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తమ గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నారు. అక్కడి నుంచి 1930లో దేవరంపాడు సత్యాగ్రహం దాకా. మా తాత చినగంజాం ఉప్పు మడుల్లో కూలి. ఆయన అరికాళ్ళు చూశాను నేను, పగిలిన నేలలా ఉండేవి. చనిపోయాక కూడా ఆ పాదాలు సరిగా కాలవని మా ఊళ్ళో అంటారు. నిజమో కాదో, ఉప్పు పనివాళ్ళ గురించి అలా అంటారు. ఆ మాట పట్టుకునే నేను ఈ పరిశోధనలోకి వచ్చాను.

ఎగ్మూరులో రైల్వే స్టేషను ఎదురుగా పాత రికార్డుల భవనం ఉంది, ఎర్ర ఇటుకలది, తమిళనాడు ఆర్కైవ్స్. అక్కడ చీటీ రాసి ఇస్తే కట్ట వస్తుంది. రెవెన్యూ బోర్డు కాగితాలు. ఒక కట్టలో ఒక తహసీల్దారు ఉత్తరం ఉంటుంది, అందులో మరో ఉత్తరం సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు మళ్ళీ చీటీ. అది వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. మరునాడు మళ్ళీ. దొంగ ఉప్పు వండిందని ఒక ముసలామెకు వేసిన జరిమానా, ఆమె పెట్టుకున్న అర్జీ, దానిమీద దొర రాసిన రెండు ముక్కలు. ఆ అర్జీ ఏమైందో తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. గ్రంథంలో అది ఒక అధస్సూచిక.

అధ్యాయాలు అడిగారు కదా. ఐదూ రాశాను. రెండేళ్ళ కిందటే అయ్యాయి. గైడ్ చూశారు, బాగుందన్నారు. ముగింపు ఒక్కటే మిగిలింది, పన్నెండు పేజీలు. అది రాయడం లేదు.

మీరందరూ గడువులు, డబ్బు, గైడ్లు అన్నారు. నాకు జేఆర్‌ఎఫ్ రాలేదు, ముప్పై దాటాక వయసు అడ్డం వచ్చింది. పొద్దున ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పి బతుకుతున్నాను. మొదటి మూడేళ్ళు మా అక్క పంపింది. ఆమె ఒంగోలులో టైలరింగు చేస్తుంది. ఆ పేరా రాయలేదని అన్నారు కదా, అదే ఆ పేరా. ఆ డబ్బు ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

ముగింపు రాస్తే మౌఖిక పరీక్ష. అది అయితే నేను డాక్టరు. డాక్టరునై ఊరికి వెళితే "ఇప్పుడేం చేస్తావు" అంటారు. నా దగ్గర జవాబు లేదు. కాలేజీల్లో ఖాళీలు పడవు, పడితే నాతోపాటు మూడు వందల మంది డాక్టర్లు వస్తారు. "చదువుతున్నాను" అన్నంతకాలం ఎవరూ రెండో ప్రశ్న అడగరు. తరంగిణి గారి గొడుగు మాట చదివి చాలాసేపు కూర్చున్నాను. నాదీ గొడుగే. వాన ఎప్పుడో ఆగింది.

కుప్పం_కుర్రాడు
మంగళవారం, ఉదయం 6.10

అన్నా, ఆ ముసలామె జరిమానా కట్టిందా లేదా? అది చెప్పకుండా వదిలేశారు.

ఉప్పుకొటారు
మంగళవారం, ఉదయం 6.25

సగం మాఫీ చేశారు. మిగతా సగం కట్టినట్టు రసీదు లేదు. వెతుకుతున్నాను.

మైలాపూర్_మాస్టారు
మంగళవారం, ఉదయం 6.40

వెతకవద్దు! ఆ రసీదు దొరికితే మరో ఏడు నెలలు.

ముగింపు పన్నెండు పేజీలు కాదు, ఎనిమిది చాలు. కొత్త ఆధారం ఒక్కటి కూడా పెట్టకండి. ఐదు అధ్యాయాల చివరి పేరాలు ఐదు కాగితాల మీద రాసుకుని పక్కపక్కన పెట్టుకోండి. అవి ఒకదానితో ఒకటి ఎక్కడ పోట్లాడుకుంటున్నాయో చూడండి, ఆ పోట్లాటే రాయండి. మీ తాత పాదాల సంగతి గ్రంథంలో ఎక్కడైనా ఉందా? లేకపోతే ఆ మాట ఊళ్ళో అనుకునే మాటగానే పెట్టండి, పరీక్షకులు ఏమీ అనరు.

తరమణి_తరంగిణి
మంగళవారం, ఉదయం 11.15

గైడ్ చూడని నా నాలుగో అధ్యాయం మీకు పంపవచ్చా మాస్టారూ? విషయం వేరే అయినా ఫరవాలేదు. ఎవరో ఒకరు చదివితే చాలు.

మైలాపూర్_మాస్టారు
మంగళవారం, ఉదయం 11.40

పంపమ్మా. ఐదు నెలలు పట్టదు. పది రోజులు.

ఓఎమ్మార్_ఉద్యోగి
మంగళవారం, రాత్రి 12.30

మొన్న కటువుగా రాసినందుకు వివరణ ఇవ్వాలి.

మా అన్నయ్య ఎంఏ, ఎల్ఎల్‌బీ, ఇంకో ఎంఏ, మధ్యలో సివిల్స్ నాలుగుసార్లు. మొత్తం పదిహేనేళ్ళు. మా నాన్న రెండెకరాలు అమ్మారు. నేను అప్పు తీసుకుని ఇంజినీరింగ్ చేసి, షోలింగనల్లూరులో ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచి తొమ్మిదేళ్ళు అన్నయ్యకు డబ్బు పంపాను. ఇప్పుడు వాడు కోచింగ్ సెంటరులో పాలిటీ చెబుతాడు, బాగానే ఉన్నాడు, పిల్లలకు వాడంటే ప్రాణం. డబ్బు గురించి నాకు కోపం లేదు. వాడు అడిగితే ఇప్పుడూ పంపుతాను.

నాకు ఎమ్మెస్సీ లెక్కలు చేయాలని ఉండేది. ఇంట్లో చదివే మనిషి ఒకడున్నాడు కాబట్టి రెండోవాడు సంపాదించాలి. అది ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. నాకేం చదవాలనుందో ఆ పదిహేనేళ్ళలో ఒక్కరూ అడగలేదు, అన్నయ్యతో సహా. ఉప్పుకొటారు గారూ, మీ అక్క ఎంతవరకు చదివారు?

సింహపురి అంకుల్, ఆ ఆన్‌లైన్ కోర్సుకు వారానికి ఎన్ని గంటలు పడుతుంది?

ఉప్పుకొటారు
మంగళవారం, రాత్రి 12.55

పదో తరగతి. నాకంటే బాగా చదివేది.

సింహపురి_విశ్రాంతి
బుధవారం, ఉదయం 5.30

ఒక్కో సబ్జెక్టుకు వారానికి పది గంటలు అని వాళ్ళు చెబుతారు. నాకు ఇరవై పట్టింది. నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఎనిమిదిలో అయిపోతుంది. మొదట ఒకే సబ్జెక్టు తీసుకో, నాలా ఆత్రపడి నాలుగూ తీసుకోకు. సందేహం వస్తే నాకు ఫోను చేయకు, నేనే నీకు చేస్తాను.

అడయార్_మర్రిఊడ
బుధవారం, ఉదయం 8.20

ఒక చిన్న సంగతి. పట్నాలో రాజ్‌కుమార్ వైశ్య గారు 1938లో డిగ్రీ చేసి, 2017లో నలందా సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి ఎంఏ అర్థశాస్త్రం పాసయ్యారు. అప్పటికి తొంభై ఏడేళ్ళు. ఇది ఎవరికీ నీతిగా చెప్పడం లేదు. డిగ్రీకీ పీజీకీ మధ్య దాదాపు ఎనభై ఏళ్ళు విరామం తీసుకున్న మనిషిని తలచుకుంటే నాకు నవ్వు వస్తుంది, అంతే.

ఉప్పుకొటారు
ఇరవై ఐదు రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4.10

ముగింపు తొమ్మిది పేజీలు వచ్చింది. మాస్టారు చెప్పినదానికంటే ఒకటి ఎక్కువ. శుక్రవారం గైడ్‌కు ఇచ్చాను. ఆయన కవరు తెరవకుండానే "వచ్చిందా" అని నవ్వారు. గడువు పొడిగింపు కాగితం మీద సంతకం ఇంకా కావాలి, అది వేరే కథ.

గది దొరికింది, అదే మూడో మాన్షన్. రెండో అంతస్తు. నేను ఏమీ చెప్పకముందే మేనేజరు వృత్తి గడిలో "వాత్తియార్" అని రాసేశాడు. తమిళంలో మాస్టారు అని అర్థం. దిద్దమనలేదు.

కొత్త గదిలోకి సామాను మార్చాలి. పుస్తకాలు, జిరాక్సు కట్టలు కలిపి పద్నాలుగు అట్టపెట్టెలు. ఆటోవాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఎవరి దగ్గరైనా చిన్న వ్యాను నంబరు ఉందా?

కుప్పం_కుర్రాడు
ఆదివారం, సాయంత్రం 4.30

మా కర్మాగారం వ్యాను ఆదివారాలు ఖాళీ. డీజిలు పోయిస్తే చాలు. వచ్చే ఆదివారం పొద్దున ఏడుకు వస్తాను, ఆపై వారం పరీక్ష ఉంది, కాబట్టి అదొక్కటే కుదురుతుంది. మూడే మిగిలాయి అన్నా, ఒకటి పోయింది.

ఓఎమ్మార్_ఉద్యోగి
ఆదివారం, సాయంత్రం 5.05

అట్టపెట్టెలు నేల మీద పెట్టకండి. రెండో అంతస్తే కదా అనుకోవద్దు, ఆ పాత మాన్షన్లలో పైకప్పు కారుతుంది. నవంబరు వానలకు ముందు ఒక ఇనుప బీరువా కొనండి. పల్లవరం శుక్రవారం సంతలో పాతవి దొరుకుతాయి.